అరబిక్ వారం తీసి తెలుగు వారం: ఒక సీకో 5 డే డిస్కు కేసు

వాచీ, దాని యజమాని

సీకో 5 ఆటోమేటిక్, తెల్ల డయల్, క్రౌన్ (పక్కన ఉండే తిప్పే మర) నాలుగు అంకె దగ్గర. లోపలి మిషను 7ఎస్26: 21 జ్యువెల్స్, గంటకు 21,600 బీట్లు. క్రౌన్ తిప్పి కీ ఇచ్చే ఏర్పాటు దీనికి లేదు, చేతికి కట్టుకుని తిరిగితేనే స్ప్రింగు చుట్టుకుంటుంది. గల్ఫ్‌లో కొన్నది కాబట్టి డే డిస్కు (కిటికీలో వారం పేరు చూపే చక్రం) మీద ఇంగ్లీషు, అరబిక్ ఉన్నాయి. ఉత్తర తెలంగాణలో వాచీలు బాగుచేసే వాళ్ళ బల్ల మీద ఇలాంటివి ఎప్పుడూ ఒకటో రెండో ఉంటాయి. గల్ఫ్‌కు పనికి వెళ్ళినవాళ్ళు ఇంటికి తెచ్చే వస్తువుల్లో ఈ వాచీది పాత స్థానం.

కొడుకు కొన్నాడు, కట్టుకునేది తండ్రి. వయసు డెబ్బై దాటింది. తెలుగు పేపరు చదువుతారు, అంకెలు బాగా వచ్చు, ఇంగ్లీషు అక్షరాలు రావు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నారు. అది వారానికి ఒక్కరోజే వేసుకోవాల్సిన మందు, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కొడుకు కోరిక సరదా కోరిక కాదు: అరబిక్ ఉన్నచోట తెలుగు వారం కనిపించాలి.

ఈ కేసులో ప్రతి నిర్ణయాన్నీ నడిపించింది ఆ మాత్రే. తప్పు వారం చూపే వాచీ కంటే వారమే చూపని వాచీ మేలు. తెలుగు అందంగా పడిందా అన్నది రెండో ప్రశ్న, పొద్దున లేచి చూస్తే సరైన వారం ఉందా అన్నది మొదటిది.

వేరే దారులు ఎందుకు వదిలేశాం

రోలెక్స్ 1956లో తెచ్చిన డే-డేట్‌లో వారం పేరు పూర్తిగా, 12 అంకె కింద ఉంటుంది. ఆ డిస్కు 26 భాషల్లో దొరుకుతుంది. అక్కడ ఒక డిస్కుకు ఒకటే భాష, భాష మార్చాలంటే డిస్కు మార్చాలి. జపాన్ వాచీలది వేరే లెక్క. ఒకే డిస్కు మీద రెండు భాషలుంటాయి, ఒకటి ఇంగ్లీషు, రెండోది అమ్మే దేశాన్ని బట్టి స్పానిష్, అరబిక్, చైనీస్, జపాన్‌కైతే కంజీ. మన దగ్గర హెచ్ఎంటీ హిందీ, ఇంగ్లీషు డిస్కులు వేసింది. ఆ డిస్కు సీకో మిషనులో కూర్చోదు, కూర్చున్నా ఈ పెద్దాయనకు హిందీ రాదు. కాసియో డిజిటల్ వాచీల్లో కొన్నింట్లో వారాన్ని ఆరు భాషల్లో పెట్టుకోవచ్చు: ఇంగ్లీషు, స్పానిష్, ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, రష్యన్. మనకు పనికొచ్చేది అందులో లేదు. పైగా ఆయనకు ముల్లున్న వాచీయే కావాలి.

మిగిలింది ఉన్న డిస్కునే మార్చడం.

డిస్కు రాత్రిపూట ఏం చేస్తుంది

పని మొదలుపెట్టే ముందు ఇది మనసులో స్పష్టంగా ఉండాలి. తర్వాత వచ్చిన చిక్కంతా ఇక్కడిదే.

డిస్కు అడుగున 14 పళ్ళున్న చక్రం ఉంటుంది. ఏడు వారాలు, రెండేసి భాషలు. 24 గంటలకు ఒక చుట్టు తిరిగే చక్రానికి ఉన్న వేలు రాత్రి పదకొండు దాటాక ఈ పళ్ళకు తగులుతుంది. అర్ధరాత్రి ప్రాంతంలో ఒక పన్ను నెడుతుంది, తెల్లవారేలోగా రెండోది నెడుతుంది. ప్రతి అడుగు చివరా ఒక స్ప్రింగు లీవరు పన్ను సందులో పడి డిస్కును పట్టి ఉంచుతుంది. అంటే రాత్రికి కచ్చితంగా రెండడుగులు. రెండడుగులు పడితే భాష మారదు, వారం మారుతుంది. ఒక్క అడుగే పడితే భాష మారుతుంది, వారం రెండు రోజులకు ఒకసారే మారి వెనకబడుతుంది.

ఇది గుర్తుంటే సగం ఫిర్యాదులు డయల్ విప్పకుండానే తేలిపోతాయి. రోజూ పొద్దున అరబిక్ వస్తోందంటే డిస్కు ఒక పన్ను పక్కన ఉందంతే. ఉదయం పూట క్రౌన్ మొదటి క్లిక్కుకు లాగి ఒక్క అడుగు జరిపితే చాలు. మధ్యాహ్నం భాష మారుతోందంటే ముళ్ళు పన్నెండు గంటల తేడాతో ఉన్నాయి, గంటల ముల్లును ఒక చుట్టు తిప్పాలి. ఒకరోజు ఇంగ్లీషు, మరునాడు అరబిక్ వస్తూ వారం వెనకబడుతుంటే రెండో అడుగు పడటం లేదు. అప్పుడు మాత్రమే విప్పాలి.

వాచీ వచ్చినప్పుడు అడుగులు రెండూ సరిగ్గా పడుతున్నాయి. వాచీ నడకను విని కొలిచే టైంగ్రాఫర్ మీద, ఈ మిషనుకు పెట్టాల్సిన లిఫ్ట్ యాంగిల్ 53 డిగ్రీలు పెట్టి చూస్తే ఆంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ చక్రం ఊగే కోణం, 240 డిగ్రీలు దాటి ఉంది. ఇది ముందే రాసి పెట్టుకోవాలి. డిస్కు మార్చాక ఏదైనా తేడా వస్తే అది మిషనుదా, డిస్కుదా అన్న వాదన అప్పుడిక ఉండదు.

ఈ డిస్కు మీద ఇంగ్లీషు ఆదివారం తర్వాత అరబిక్ ఆదివారం, ఆ తర్వాత ఇంగ్లీషు సోమవారం, అలా వరస. అరబిక్ స్థానంలో తెలుగు వేస్తే, రాత్రి ‘ఆది’ మీద ఉన్న కిటికీలోకి ముందు ఇంగ్లీషు సోమవారం వస్తుంది, తర్వాత ‘సోమ’ వస్తుంది. అంటే నడిరాత్రి మధ్యలో కనిపించేది ఆయనకు రాని భాషే గానీ తప్పు వారం కాదు. ఇంగ్లీషు తీసేసి తెలుగు వేసి ఉంటే, మాత్ర వెతుక్కునే మనిషికి నడిరాత్రి దాటాక కూడా కాసేపు నిన్నటి వారమే ఇంకో లిపిలో కనిపించేది. అందుకే అరబిక్ స్థానమే సరైనది. అరబిక్ చదవడం రానివాళ్ళు పేర్లు ఊహించనక్కర్లేదు, విప్పకముందు క్రౌన్‌తో ఒక్కో అడుగూ జరుపుతూ పద్నాలుగు ఫొటోలు తీసి వరస రాసుకుంటే సరిపోతుంది.

కిటికీలో తెలుగు ఎంత పడుతుంది

ఈ డయల్‌లో వారానికి దక్కిన జాగా కొలిస్తే వెడల్పు సుమారు 3.3 మి.మీ., ఎత్తు 1.6 మి.మీ. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు ఇది పుష్కలం, మూడూ ఒకే ఎత్తులో నిలబడతాయి. తెలుగుకు పైన తలకట్టు, గుడి, కింద వత్తు ఉన్నాయి. ‘శుక్ర’ పూర్తిగా 1.5 మి.మీ.లో పట్టాలంటే అసలు అక్షరం ఒళ్ళు 0.7 మి.మీ. దగ్గర ఆగిపోతుంది.

కిటికీ ఎత్తు ఉన్నంతా వాడేద్దామంటే ఇంకో హద్దు ఉంది. 14 భాగాలంటే ఒక్కో భాగం 25.71 డిగ్రీలు. డిస్కు మధ్య నుంచి 5 మి.మీ. దూరంలో, అంటే మాట మొదలయ్యే చోట, ఒక మాటకూ పక్క మాటకూ మధ్య దూరం 2.24 మి.మీ. మాత్రమే. కిటికీ 1.6. పైనా కిందా మిగిలేది 0.3 మి.మీ. చొప్పున. మాట చివరి వైపు, 8 మి.మీ. దూరంలో, ఆ దూరం 3.6 మి.మీ. అవుతుంది, అక్కడ ఇబ్బంది లేదు. కాబట్టి మొదటి అక్షరం కింద వత్తు లేకపోవడం కలిసొచ్చిన విషయం. ‘శుక్ర’లో క్రావడి రెండో అక్షరానిదే.

పేర్లు ఏవి వేయాలి? ఇళ్ళలో ఐతారం, మంగళారం, బేస్తారం అంటారు. కానీ కళ్ళు రోజూ చదివేది గోడ క్యాలెండరు, అందులో ఉన్నట్టే ఆది, సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని. ఒక్కో అక్షరంతో సరిపెడదామన్న ఆలోచన కూడా పరీక్షకు పెట్టాం: ఆ, సో, మం, బు, గు, శు, శ. అక్షరం ఎంత పెద్దగా పడుతుందో చూస్తే ఆశ పుడుతుంది. కానీ ‘శు’కూ ‘శ’కూ తేడా ఒక్క కొమ్ము. మాత్ర శుక్రవారం వేసుకోవాల్సిన మనిషికి అది చాలదు.

అక్షరాల్ని కంప్యూటరులో పెద్దవి చేసి చూస్తే అన్ని ఫాంట్లూ బాగుంటాయి. అసలు కొలతలో ముద్రించి, చేయి చాపినంత దూరంలో, ట్యూబ్‌లైటు వెలుతురులో, ఆయన రోజూ పెట్టుకునే కళ్ళద్దాలతోనే చదివించాలి. రామభద్ర లాంటి లావు ఫాంట్లు ఇక్కడ మొదటే పోతాయి: ‘గ’లో తలకట్టుకూ ఒంటికీ మధ్య సందు, ‘ళ’లో చుట్టలు, ‘మ’లో గుండ్రం పూడుకుపోయి నల్ల చుక్కలు మిగులుతాయి. ‘ధ’ కింది గీత పూడిందంటే బుధ కాస్తా బుద అవుతుంది. గీత మందం అంతటా ఒకేలా ఉండే నోటో శాన్స్ తెలుగు మధ్యరకం బరువులో నిలబడింది. అయినా నేరుగా వాడలేదు. గీత 0.1 మి.మీ. ఉండేలా, లోపలి సందు ఏదీ 0.12 మి.మీ. కంటే తగ్గకుండా అక్షరాల్ని మళ్ళీ గీయించాం. ‘మంగళ’ను అడ్డంగా నొక్కితే నిలువు గీతలు సన్నబడిపోతాయి, అందుకని సున్నాను చిన్నది చేసి ఎడాలు తగ్గించాం.

రంగు సంగతి. సీకో డిస్కుల మీద ఆదివారం ఎరుపు, శనివారం నీలం మామూలు. సౌదీలో 2013 జూన్ నుంచి సెలవులు శుక్ర, శనివారాలు కాబట్టి శుక్రవారం ఎర్రగా ఉంటే బాగుంటుందని కొడుకు మాట. ఆ క్యాలెండరు కొడుకుది, వాచీ తండ్రిది. పైగా ఒక్కో రంగుకు ఒక్కో దఫా ముద్ర వేయాలి, దఫా దఫాకూ పదో వంతు మిల్లీమీటరు జరిగినా ఈ కొలతలో కంటికి తెలుస్తుంది. అన్నీ నలుపే.

డిస్కు బయటికి తీయడం

వెనక మూత తీసి, స్టెమ్ (క్రౌన్‌కు ఉన్న కడ్డీ) విడిపించి, మిషను బయటికి తీయాలి. డయల్ మీద ప్లాస్టిక్ షీటు పరిచి ముళ్ళు రెండు లీవర్లతో సమానంగా లేపాలి. డయల్ కాళ్ళకు స్క్రూలుండవు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రింగులో బిగుతుగా కూర్చుంటాయి. రెండు వైపులా కొద్దికొద్దిగా ఎత్తాలి, ఒకే వైపు ఎత్తితే డయల్ వంగుతుంది. ఆ వంపు కంటికి కనపడకపోయినా తర్వాత డిస్కుకు తగులుతుంది.

డయల్ కింద అన్నిటికంటే పైన ఉన్నది డే డిస్కే. మధ్యలో సన్నటి సి ఆకారపు లాకు దాన్ని పట్టి ఉంచుతుంది. ఈ మిషనులో ఎక్కువగా పోయేది ఈ లాకే. ట్వీజర్ మొన తగలగానే గదిలో ఎక్కడికో ఎగురుతుంది. మిషనును పల్చటి పారదర్శక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, చేతులూ లోపలే ఉంచి, లాకు తెరుచుకున్న రెండు కొసల దగ్గరా సన్న స్క్రూడ్రైవర్లు పెట్టి బయటికి తోస్తే సంచిలోనే పడుతుంది. వేలు పళ్ళను పట్టి ఉన్నప్పుడు డిస్కు లేపకూడదు కాబట్టి, ముళ్ళు తీసే ముందే సమయం పగటి ఆరు గంటలకు తెచ్చి పెట్టుకోవాలి.

మొదటి ప్రయత్నం: డెకాల్

ఒకే ఒక్క డిస్కు కోసం ప్లేటు చేయించడం దండగ అనిపిస్తుంది. అందుకే అందరూ మొదట వెళ్ళేది నీళ్ళలో నానబెట్టి అంటించే డెకాల్ వైపే. మామూలు స్టిక్కరు మందం వంద మైక్రాన్ల దరిదాపు ఉంటుంది, దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. డెకాల్ పొర అందులో పదో వంతు. 600 డీపీఐ ప్రింటరులో ఒక చుక్క 0.042 మి.మీ., 0.1 గీతకు రెండున్నర చుక్కలు కూడా రావు, అంచులు రంపంలా వస్తాయి. 1200 డీపీఐ లేజరులో దాదాపు ఐదు చుక్కలు వస్తాయి. చదవడానికి హాయిగా ఉంది. అరబిక్ మాటలు కనపడకుండా తెల్ల డెకాల్, మీద తెలుగు, ఇంగ్లీషు రెండూ, చివర పల్చటి వార్నిష్.

బిగించి, క్రౌన్ రెండో క్లిక్కుకు లాగి ముళ్ళను వరసగా ఏడు అర్ధరాత్రులు దాటించాం. ఏడుసార్లూ రెండేసి అడుగులు శుభ్రంగా పడ్డాయి. వాచీని వదిలేసి, దాని మానాన అది నడిచిన తర్వాత పొద్దున చూస్తే: ఒకరోజు తెలుగు, మరునాడు ఇంగ్లీషు, వారం వెనక్కి. రెండో అడుగు పడటం లేదు.

ముళ్ళు చేత్తో తిప్పినప్పుడు పడి, వాచీ నడిచినప్పుడు పడకపోవడానికి కారణం ఉంది. క్రౌన్‌తో తిప్పేటప్పుడు బలం వేళ్ళది, మెయిన్ స్ప్రింగుది కాదు. డిస్కు ఎక్కడైనా రాసుకుంటున్నా వేళ్ళకు తెలియదు. నడిచేటప్పుడు అదే చక్రానికి అందే బలం చాలా తక్కువ. మొదటి పన్నుకు వేలు నిండుగా ఆనుతుంది, అడ్డం ఉన్నా నెట్టేస్తుంది. రెండో పన్ను దగ్గరికి వచ్చేసరికి వేలు పక్కకు తప్పుకునే దారిలో ఉంటుంది. పన్ను స్ప్రింగు లీవరు శిఖరం దాటేలోగా వేలు జారిపోతే లీవరు డిస్కును వెనక్కి లాగేస్తుంది. కాబట్టి కాస్త అదనపు రాపిడికి ముందు బలయ్యేది రెండో అడుగే. రాత్రి రెండు గంటల వేళకు ఆంప్లిట్యూడ్ 240 నుంచి 190కి పడిపోవడం కూడా అదే చెప్పింది.

అయినా వేలు కొన అరిగిందేమోనన్న అనుమానం తీర్చుకోవాలి. అర్ధరాత్రి ప్రాంతంలో క్రౌన్‌తో వారం మార్చేవాళ్ళ వాచీల్లో ఆ కొన చిట్లడం మామూలే. ముట్టని ఇంకో 7ఎస్26 డిస్కు పెట్టి, మిషనులో ఇంకేమీ ముట్టుకోకుండా నడిపిస్తే రెండడుగులూ పడ్డాయి. అంటే తప్పు డెకాల్ డిస్కుదే.

ఎక్కడ రాసుకుంటోందో తెలియాలంటే డిస్కు పైన మార్కర్ సిరా పల్చగా పూసి, ఆరకముందే డయల్ పెట్టి ఒక రోజంతటి తిప్పు తిప్పి తీస్తే సరి. సిరా రెండుచోట్ల అంటింది. డయల్ అడుగున, డిస్కు బయటి అంచు తిరిగే గీత వెంబడి: డెకాల్ అంచు ఆరినప్పుడు పైకి లేచింది. రెండోది మధ్య రంధ్రం చుట్టూ, లాకు కింద: అక్కడ వార్నిష్ గుమిగూడింది, మైక్రోమీటరుతో కొలిస్తే 0.04 మి.మీ. ఎక్కువ. అంచు కత్తిరించి, మధ్యలో వార్నిష్ గీకేస్తే అడుగులు మళ్ళీ పడ్డాయి. కానీ స్ప్రింగు సగానికి తగ్గినప్పుడు మళ్ళీ తప్పాయి. ఆటోమేటిక్ వాచీని పెద్దాయన రాత్రి తీసి పెట్టేస్తారు, తక్కువ తిరుగుతారు. తెల్లవారుజామున స్ప్రింగు నిండుగా ఉంటుందని నమ్మడానికి లేదు. డెకాల్ దారి అక్కడితో వదిలేశాం.

అసలు డిస్కు పాడవకుండా ఇంకోటి తెద్దామంటే

తర్వాతి పద్ధతికి డిస్కు మీది అచ్చు చెరపాలి. అసలుదాన్ని పక్కన పెట్టి, విడిగా దొరికే ఎన్‌హెచ్36 అనే సీకో మిషను డిస్కు వాడదామన్నది సహజమైన ఆలోచన. 7ఎస్26, 7ఎస్36, 4ఆర్36, ఎన్‌హెచ్36 మిషనుల్లో డే డిస్కులు ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. కూర్చుంది కూడా. కానీ కిటికీలో మాట ఒక పక్కకు వాలి, కింది అంచులో పడింది.

కారణం క్రౌన్. కిటికీ ఎప్పుడూ మూడు అంకె దగ్గరే. క్రౌన్ నాలుగు దగ్గరుంటే మిషను మొత్తం అంత మేర తిరిగి కూర్చున్నట్టు. క్రౌన్ సరిగ్గా నాలుగు మీద ఉందనుకుంటే తేడా 30 డిగ్రీలు. వారానికి ఒక అడుగు 25.71. కలవవు, 4.29 డిగ్రీలు మిగులుతాయి, మాట మధ్యలో అది దాదాపు అర మిల్లీమీటరు. తేదీ డిస్కైతే ఇంకా అన్యాయం: 31 భాగాలు, అడుగుకు 11.61 డిగ్రీలు, 30లో రెండడుగులు పోను ఆరు పైచిలుకు మిగులుతుంది, అంటే కిటికీలో రెండు అంకెల మధ్య గీత కనిపిస్తుంది. సీకో ఎస్‌కేఎక్స్ డైవర్ వాచీల్లా 3.8 దగ్గర క్రౌన్ ఉంటే తేడా 24 డిగ్రీలు, వారం 1.71 డిగ్రీలే తప్పుతుంది. చాలామంది అది గమనించకుండానే వాడేస్తారు. కొనేటప్పుడు డిస్కు ఏ క్రౌన్ స్థానానికి అచ్చయిందో అడక్కపోతే ఇదే జరుగుతుంది. నాలుగు అంకె క్రౌన్ ఉన్న పాడైన వాచీ నుంచి తీసిన ఇంగ్లీషు, అరబిక్ డిస్కు చివరికి దొరికింది. పని దాని మీదే సాగింది, యజమాని అసలు డిస్కు మీది అచ్చు చెరపలేదు.

పనిచేసింది: ప్యాడ్ ప్రింటింగ్

పెన్నుల మీద, స్విచ్చుల మీద పేర్లు వేసేవాళ్ళ దగ్గర ఈ యంత్రం ఉంటుంది. చెక్కిన ఉక్కు ప్లేటులో సిరా నింపి, సిలికాన్ ప్యాడ్‌తో ఎత్తి, వస్తువు మీద అద్దుతారు. ప్లేటు లోతు సుమారు 25 మైక్రాన్లు, వస్తువు మీదికి వచ్చి ఆరేది అందులో సగం కంటే తక్కువ. పైగా అది అక్షరం గీతల మేరకే ఉంటుంది, డిస్కంతా పొర ఉండదు. అంచులు లేవవు, మధ్య రంధ్రం దగ్గర ఏమీ చేరదు. వాచీ కంపెనీలూ డయళ్ళూ డిస్కులూ అచ్చువేసేది ఈ పద్ధతిలోనే.

ముందు ఏడు అరబిక్ మాటలు చెరపాలి. అసిటోన్ దగ్గరికి రానీయకూడదు, ప్లాస్టిక్ భాగం ఉంటే కరగవచ్చు, ఉబ్బవచ్చు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కు ఈ సిరా కదలదు. అక్రిలిక్ అద్దాల గీతలు తీసే పాలిష్‌ను, కొన చదునుగా చెక్కిన కొబ్బరి ఈనెతో ఒక్కో మాట మీదే రుద్దితే మెల్లగా పోతుంది. పక్కనున్న ఇంగ్లీషు మాటల్ని టేపుతో కప్పాలి. ఎక్కువ రుద్దితే ఆ చోటు మిగతా డిస్కు కంటే మెరుస్తుంది, మాట నీడ ఇంకా కొద్దిగా ఉండగానే ఆపాలి. మీద నల్ల అక్షరం పడ్డాక ఆ నీడ కనపడదు. తర్వాత ఐసోప్రొపైల్‌తో తుడిచి, వేలు తగలనీయకూడదు.

అసలు కీలకం బిగింపు. అక్రిలిక్ పలకలో డిస్కు అడుగు చక్రం కూర్చునే గుంట, పళ్ళ సందులో పడే ఒక స్ప్రింగు నాలుక. ప్యాడ్ ఒకేచోట దిగుతుంది, డిస్కే పన్ను పన్నుకూ తిరుగుతుంది. కోణం లెక్కలు వేసి గుర్తులు పెట్టుకోవాల్సిన పని లేదు. అచ్చులో ఉన్న ఇంగ్లీషు మాట ఒకటి మైక్రోస్కోపు అడ్డగీతకు సమంగా వచ్చేలా పలకను జరిపి బిగించి, ఒక పన్ను తిప్పితే తెలుగు చోటు దానంతటదే సమంగా వస్తుంది. అక్కడి నుంచి రెండేసి పళ్ళు జరుపుతూ ఏడు ముద్రలు. వాచీలో డిస్కును ఆపేదీ పళ్ళే, ముద్రకు ఆధారమూ అవే కాబట్టి తప్పు పేరుకుపోదు.

రెండు పాళ్ళ సిరా వాడాం, సాధారణంగా నాలుగు భాగాల సిరాకు ఒక భాగం హార్డెనర్ (సిరాను గట్టిపరిచేది), తూకం వేసి. కలిపాక కొన్ని గంటలే పనికొస్తుంది. గాలిలో తేమ ఎక్కువున్న రోజు అక్షరం అంచులు మసకబారతాయి, గది ఆరబెట్టుకుని మొదలుపెట్టాలి. తొందరపడి ఓవెన్‌లో ఆరబెడితే పలుచటి డిస్కు వంగుతుంది, డెకాల్ దగ్గర పడిన పాట్లే మళ్ళీ పడాలి. గది వేడిలో మూతపెట్టి వారం ఉంచాం. ఒక మాట సరిగా పడకపోతే సిరా పచ్చిగా ఉన్నప్పుడే తుడిచేయవచ్చు, ఆరాక మళ్ళీ ఈనె, పాలిషే. ‘మంగళ’ మొదట పడినప్పుడు ‘ళ’ చుట్ట పూడింది. సిరా కొంచెం పల్చన చేస్తే తెరుచుకుంది.

ఒప్పజెప్పే ముందు చూసినవి

డిస్కు పెట్టి, లాకు వేసి, పైనుంచి ట్వీజర్ మొనతో తాకితే డిస్కు రవ్వంత పైకీ కిందికీ ఆడాలి. ఆడకపోతే లాకు కింద ఏదో ఉన్నట్టు. తేదీ, వారం పళ్ళకు నూనె వద్దు, నూనె డిస్కు అడుగుకు పాకి దుమ్ము పట్టి అంటుకుంటుంది. ముళ్ళు పెట్టేటప్పుడు తేదీ దూకిన క్షణం దగ్గర ఆపి గంటల ముల్లు పన్నెండు మీద పెట్టాలి.

చేత్తో తిప్పే పరీక్ష చేశాం, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అసలు పరీక్ష వాచీ దాని బలంతో అది నడవడం. ఆది నుంచి శని దాకా ఏడు రోజులూ దాటాలి, ఎందుకంటే ఏడు మాటల్లో ఏదైనా ఒకటే మందంగా పడి ఉండవచ్చు. డయల్ పైకి, డయల్ కిందికి, క్రౌన్ కిందికి. డయల్ కిందికి ఉంచినప్పుడు డిస్కు బరువుతో డయల్ వైపు జారుతుంది, రాపిడి ఉంటే అక్కడ బయటపడుతుంది. ఆ తర్వాత స్ప్రింగు దాదాపు ఖాళీగా: ఆగిపోయిన వాచీని కొద్దిసేపు మాత్రమే ఊపి, రాత్రి పది గంటలకు పెట్టి వదలడం. రెండడుగులూ పడిన తర్వాతే ఆగాలి. పడ్డాయి. రాత్రి రెండు గంటల వేళ ఆంప్లిట్యూడ్ 225 దగ్గర ఉంది. తయారైనప్పటి డిస్కుతో ఉండే పాటి తగ్గుదలే ఇది.

ఇంట్లోవాళ్ళకు ఇచ్చిన సూచన ఒక్క కాగితం. వాచీ ఆగిపోతే ముందు ముళ్ళు ముందుకు తిప్పుతూ తేదీ మారేచోటు చూడాలి, అది అర్ధరాత్రి. అక్కడి నుంచి ఇంకా తిప్పి పొద్దున ఆరుకు తేవాలి. అప్పుడు క్రౌన్ మొదటి క్లిక్కులో ఒక వైపు తిప్పి తేదీ, రెండో వైపు తిప్పి వారం, తెలుగు మాట మీద ఆపాలి. తర్వాతే అసలు సమయం. రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా మొదటి క్లిక్కు ముట్టకూడదు. కాగితం చివర ఇంకో రెండు వరసలు పెద్ద అక్షరాలతో: పొద్దున నాలుగు తర్వాత కిటికీలో ఇంగ్లీషు కనిపిస్తే ఆ రోజు వాచీ చెప్పే వారాన్ని నమ్మవద్దు, మాత్రకు గోడ క్యాలెండరు చూడండి, వాచీ తెచ్చి చూపించండి. రెండో అడుగు తప్పిన మొదటి రోజే ఇంగ్లీషు బయటపడుతుంది కాబట్టి, చదవడం రాని ఆ లిపే ఈ వాచీలో హెచ్చరిక దీపంగా పనిచేస్తుంది.

అసలు అరబిక్ డిస్కును చిన్న కవరులో పెట్టి వాచీతోపాటే ఇచ్చేశాం. తర్వాత ఎప్పుడు సర్వీసు చేసినా, తెలుగు డిస్కును అల్ట్రాసోనిక్ క్లీనరులో వేయకూడదని ఆ కవరు మీదే రాసి ఉంది.